నాకు వినబడని లీకు

మార్చి 4

గోడలో ఎక్కడో పైపు లీకవుతోందట. రాత్రి నింపిన ట్యాంకు తెల్లారేసరికి ఖాళీ. బాత్‌రూమ్‌లోంచి రాత్రంతా స్‌స్‌స్ మని ఒకటే చప్పుడని, కంటిమీద కునుకు లేదని అత్తయ్య అన్నారు. మా ఆయన కూడా విన్నారట. నీకు వినిపించలేదా అని అడిగారు. ఎందుకు వినిపించదు, ఒకటే గోల అన్నాను.

అబద్ధం. నాకేమీ వినిపించలేదు.

మార్చి 5

ఇంట్లో ఎవరూ లేనప్పుడు బాత్‌రూమ్ గోడకి చెవి ఆనించి నిలబడ్డాను. ముందు ఎడమది, తర్వాత కుడిది. టైల్స్ చల్లగా తగిలాయి. అంతే. ఆ చప్పుడు ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఒకటే ఆత్రం. అత్తయ్యని అడగబోయి నాలుక కరుచుకున్నాను. విన్నదాన్ని కదా, ఎలా అడుగుతాను?

ఆఫీసులో ఫోన్లు ఎత్తి మాట్లాడేది నేనే. రిసీవర్ ఎడమ చెవి నుంచి కుడి చెవికి మార్చి చాలా కాలమైంది. ఇప్పుడు కుడిదీ మొరాయిస్తోంది. సంగతి బయటపడితే ఆ సీటు నాది కాదు. అత్తయ్యవి మాత్రం పాము చెవులు. ఈ వయసులో కూడా పక్కింటి గుసగుసలు వదలరు. కుళ్ళుగా ఉంటుంది నాకు.

మార్చి 7

కొంప మునిగింది.

ప్లంబర్ వచ్చేసరికి ఇంట్లో నేనొక్కదాన్నే. పైవాటాలో డ్రిల్లింగ్ జరుగుతోంది. ఈ హోరులో తనకేమీ తెలియడం లేదని, రాత్రిళ్ళు చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో మీరే చూపించండమ్మా అని అడిగాడు. ఎంతో తెలిసినదానిలా వాష్‌బేసిన్ గోడ చూపించాను. టైల్స్ పగలగొట్టాడు. లోపల పొడి ఇటుక. చుక్క తడి లేదు.

సాయంత్రం అత్తయ్య చూసి లబోదిబోమన్నారు. చప్పుడొచ్చేది గీజర్ వైపు కదే, నీ చెవులేమయ్యాయే అన్నారు. మాటవరసకే అన్నారు. నేను మాత్రం చీపురు తెచ్చి టైల్స్ ముక్కలు ఊడవడం మొదలుపెట్టాను.

మార్చి 8

ఆ గోడకి మొహం చూపించలేక పెరట్లో పళ్ళు తోముకున్నాను.

మార్చి 9, మధ్యాహ్నం

 ఇది వెంటనే రాయాలి.

ప్లంబర్ మళ్ళీ వచ్చాడు. ఈసారి తొందరపడి పగలగొట్టనని పొడవాటి స్క్రూడ్రైవర్ తీశాడు. మొనని గీజర్ గోడకి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టి, చోటు మార్చుకుంటూ పోయాడు. అదేమిటని అడిగాను. చప్పుడు ఇనుములోంచి వచ్చేస్తుందని, ఎక్కడ గట్టిగా ఉంటే అక్కడే లీకని చెప్పి, కావాలంటే మీరూ చూడండమ్మా అని నా చేతికిచ్చాడు. తప్పించుకుందామనుకున్నాను. కానీ ఆ పిడి చూస్తూ చూస్తూ ఉండబట్టలేకపోయాను. ఎముకకి నొక్కిపెట్టాను.

వినిపించింది!

స్‌స్‌స్ కాదు. అత్తయ్యకి చెప్పడం రాలేదు. సన్నగా, గరగరగా, మధ్యమధ్య టిక్కుటిక్కుమంటూ. తలంతా నిండిపోయింది. ఎడమవైపు పెట్టాను. అక్కడా వినిపించింది. తీస్తే ఏమీ లేదు, పెడితే ఉంది. తీశాను, పెట్టాను, మళ్ళీ తీశాను. లీకు దొరికిందిలెండి, ఇక ఇవ్వండమ్మా అని ప్లంబర్ నవ్వాడు. ఇవ్వబుద్ధి కాలేదు.

ఒక్క టైలు తీస్తే సరిపోయింది. మలుపు దగ్గర పైపు సన్నగా చీలింది. అతను ముక్క కోసి కొత్తది వేస్తున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన. చెవికి అందనిది ఎముకకెలా అందింది? అంటే లోపల ఏదో బాగానే ఉన్నట్టా?

మార్చి 10

చెప్పాపెట్టకుండా చెవి డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన రెండు కొమ్ముల ఇనపకడ్డీ ఒకటి టింగుమనిపించి సరిగ్గా అదే ఎముకమీద పెట్టారు. నేను పకపకా నవ్వాను. పాపం, బిత్తరపోయారు. నరం బాగానే ఉందట. చెవిలో చిన్న ఎముక ఒకటి బిగుసుకుపోయిందట. ఆపరేషన్ చేసి చూడొచ్చు కానీ మాట ఇవ్వలేనన్నారు. ఇంట్లోవాళ్ళని వెంటబెట్టుకు రమ్మన్నారు.

అదీ అసలు భయం.

మార్చి 11

మా ఆయనకి అంతా చెప్పేశాను. నా మొహంలోకి చూసి ఏదో అన్నారు. వినబడలేదండీ, మళ్ళీ చెప్పండి అన్నాను. దగ్గరికొచ్చి, డాక్టర్ దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్దామని గట్టిగా చెప్పారు.

వినబడింది. అయినా ఇంకోసారి చెప్పమన్నాను.