కత్తెర పళ్ళెం

సుజాతా,

ఈ రోజు నీ తిథి. వంట ముగించి కూర్చున్నాను. నిన్నటి కోపం ఇంకా దిగలేదు.

నీ కూతురు కీర్తి తయారుచేసిన నీటి పరీక్ష యంత్రాన్ని నిన్న వాళ్ళ ల్యాబ్‌లో ప్రారంభించారు. నేనూ వెళ్ళాను. దానికోసం కాప్రా చెరువు గట్టున ఎన్ని ఎండల్లో మాడిందో నాకు తెలుసు. నిన్న కీర్తికిచ్చిన పనేమిటో తెలుసా? పట్టుచీర కట్టుకుని, రిబ్బన్ కత్తిరించే కత్తెర పళ్ళెంలో పెట్టుకుని నిలబడడం! యంత్రం గురించి మైకులో చెప్పడానికి కీర్తి కింద పనిచేసే అబ్బాయిని పెట్టారు.

"ఏందే ఇది?" అన్నాను.

"పళ్ళెం ఎప్పుడూ లేడీసే పట్టుకుంటరు అమ్మమ్మా. జెర ఊకో, సార్ చూస్తున్నడు."

నేను ఊరుకోలేదు. పళ్ళెం లాక్కున్నాను.

"ఇది పట్టుకోడానికి డాక్టరేట్ ఎందుకే? నేను చాలు. పోయి మైకు తీసుకో."

వాళ్ళ సారు నవ్వుతూ వచ్చాడు. "అమ్మా, ముందు రిబ్బన్ కానియ్యండి. చీఫ్ గెస్ట్‌కు లేటైతుంది."

"కూర్చోమనండి," అన్నాను.

కీర్తి వెళ్ళి మైకు అందుకుంది. అచ్చం నీలాగే చేతులు తిప్పుతూ అంతా వివరించింది. దాని మాట పూర్తయ్యేదాకా కత్తెర ఎవరి చేతికీ ఇవ్వలేదు.

అమ్మ