మూడో తరగతి గోడ

అక్కా,

ఈ ఉదయం బడి గంట కొట్టగానే, నువ్వు చనిపోయిన మూడో తరగతి గదిని మళ్ళీ తెరిచారు. పోయిన వానాకాలం కొత్త గది కోసం, మట్టితో కట్టిన పాత గోడను ఆనుకునే పునాది తవ్వారు. గుంటలో వాననీళ్ళు నిలిచాయి. గోడ కదిలినప్పుడు పిల్లల్ని బయటికి తోలి, లోపల నువ్వొక్కదానివే మిగిలావు.

ఈసారి గోడను సున్నంతో కట్టారు. నువ్వు ఇంటికెళ్ళి ఒప్పించి బడిలో వేసిన శాంతమ్మను వాళ్ళమ్మ మరియమ్మ తీసుకొచ్చి, గుమ్మంలోనే ఆగింది.

"ఏందయ్యా మేస్త్రీ, ఇదన్నా నిలబడుద్దా?"

"నిలబడుద్దమ్మా, చానా గట్టిగా కట్టాం."

"పోయినేడు పక్కన గుంట తవ్వేటప్పుడు గూడా ఇదే మాటన్నావు. ముందు నీ మనవణ్ణి కూచోబెట్టు, చూద్దాం."

శాంతమ్మ వెనక్కి చూసుకుంటూ వాళ్ళమ్మతో వెళ్ళిపోయింది. పిలవడానికి ఎవరూ వెళ్ళలేదు.

నేను పాఠం చెప్పే నాలుగో తరగతి వైపు ఇంకో గది పనయ్యేదాకా బడికి సెలవివ్వమని హెడ్మాస్టరు గారిని అడిగాను.

"సెలవిస్తే పిల్లలు కూలికి పోతారయ్యా, మళ్ళీ రారు. పోయినేడు ఈ మాటే చెప్పి బడి మూయనీయంది మీ అక్కే గదా," అన్నారు.

సోమవారం నాలుగో తరగతి పాత మట్టిగోడ పక్కన పునాది తవ్వుతారు. పిల్లలు లోపలే ఉంటారు.