వెనక్కి తిరిగిన సీటు

అక్కా,

ఈసారి పరాచికం కాదు. చేతిలో పని పక్కన పెట్టి చదువు. బావ పోయాక నువ్వు అమ్మేసిన కారు దొరికింది.

నేను పనిచేసే పాత ఇనుప సామాన్ల యార్డులోనే, తుప్పుపట్టిన బస్సు వెనకాల ఉంది. నంబరు పలక లేదు, ఎవరో తెల్లరంగు కొట్టేశారు. డ్రైవరు పక్క సీటు మాత్రం వెనక్కి తిరిగి ఉంది. పనివాళ్ళంతా చుట్టూ చేరి ఒకటే నవ్వు.

"ఏ తలతిక్కవాడు బిగించాడ్రా దీన్ని?" అన్నాడు మా యజమాని.

"మా బావేనండీ. వెనక సీట్లో పిల్లలూ నేనూ గోల చేస్తుంటే, తిరిగి తిరిగి తిట్టి మా అక్కకి మెడ పట్టేసింది. అందుకని సీటే తిప్పేశాడు."

"ఆపరా నీ కోతలు!"

ఇక్కడ కూడా నాకంత మంచిపేరు మరి! అందుకే తలుపు అంచున గోకి చూశాను. తెల్లరంగు కింద మీ వంటింటి కిటికీల ఆకుపచ్చ బయటపడింది. డబ్బాలో మిగిలిన రంగు కారుకి పూశాడని బావని ఎంత దులిపావో గుర్తుందా?

శనివారం దాన్ని ముక్కలు కోసేస్తారు. ఆలోగా నువ్వొచ్చి నీదేనని చెబితే సీటు విప్పి ఇస్తానన్నాడు యజమాని. నా మాట మీద ఇవ్వడట. కాస్త ఓపిక చేసుకుని రా.

ఇవాళ అన్నం తిన్నాక వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాను. నీ సీటు మీద కాళ్ళు చాపాను. ఎవరూ ఏమీ అనలేదు. కాసేపాగి నేనే దించేసుకున్నాను.

నీ తమ్ముడు