ఎదురింటావిడ ‘పో’ అంటోంది

అత్తయ్యకు నమస్కారాలు.

సరిహద్దు గేటు పక్క వీధిలో గది దొరికింది. నువ్విచ్చిన మిషను పెట్టి కుట్టుకొట్టు తెరిచాను. ఈ వీధిలో నాలుగు భాషలు మాట్లాడతారు, నాకొచ్చింది మనదొక్కటే. అయినా గుమ్మంలో నిలబడి నవ్వుతూ “రా, రామ్మా” అని పిలుస్తున్నాను. వచ్చినవాళ్ళు కూడా మొహం ముడుచుకుని వెనక్కి తిరుగుతున్నారు. అది చాలదన్నట్టు ఎదురింటి రొట్టెలావిడ నా గుమ్మం ముందు ఆగినవాళ్ళకి చెయ్యూపుతూ “పో, పో” అంటుంది. ఆవిడకి నేనేం అపకారం చేశాను? నెలాఖరుదాకా ఇలాగే ఉంటే కొట్టు మూసి వచ్చేస్తాను. ఏడుపొస్తోంది.

నీ పిచిక

తా.క. ఆవిడ రొట్టెలు మాత్రం బాగుంటాయి. తలుపేసుకుని తింటున్నాను.

*

ఒసే పిచికా,

ఏడిస్తే గిరాకీ వస్తుందా? మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా? ఆవిడ ఒకటంటే నువ్వు రెండను. మొహం మీదే “పో” అను. మిషను మూటగట్టుకొచ్చావంటే గడప తొక్కనివ్వను.

ఆశీస్సులతో, అత్తయ్య

తా.క. మామయ్య సర్దుకుపొమ్మంటున్నారు. ఆయన మాట వినకు. భోజనానికి రమ్మంటే వీధిలోకి పోతారు, పొమ్మంటే ఇంట్లో కూర్చుంటారు.

*

అత్తయ్యా, కొంప మునిగింది.

నువ్వన్నట్టే “పో” అని అరిచాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. చేతుల పిండి దులుపుకుని తిన్నగా లోపలికొచ్చి కూర్చుంది. ఇంకా గట్టిగా అరిస్తే చెల్లెళ్ళు కూడా వచ్చారు. కుర్చీలన్నీ వాళ్ళవే, నేను నిలబడ్డాను. ఇంత మొండితనం ఎక్కడా చూళ్ళేదు.

నీ పిచిక

తా.క. సాగనంపుదామని వాళ్ళ గుమ్మందాకా వెళ్తే చెయ్యూపి “రా” అంది. పిలుస్తోంది కదా అని వెనకే వెళ్ళాను. బిత్తరపోయి మళ్ళీ “రా” అంది. వాళ్ళ వంటింటిదాకా వెళ్ళాను.

*

పిచికా,

ఇది నీవల్ల కాదు. ఆదివారం బస్సుకి నేనే వస్తున్నాను. ఆవిడో నేనో తేలిపోవాలి.

అత్తయ్య

*

అత్తయ్యా, కోపం అక్కడే వదిలేసి రా.

గేటు దగ్గర సామాను తనిఖీ చేసే గుమాస్తాకి మన భాషా, ఈ వీధిలో ఎక్కువమంది మాట్లాడే ఆవిడ భాషా రెండూ వచ్చు. కోటు బిగువు చేయించుకోవడానికొచ్చి, నా పిలుపు విని పడీపడీ నవ్వాడు. వీళ్ళ భాషలో ‘పో’ అంటే లోపలికి దయచెయ్యమని. ‘రా’ అంటే ఇక కదులు అని. వచ్చిన గిరాకీనంతా నవ్వుతూ తరిమింది నేనే అత్తయ్యా. ఆ మహాతల్లి పాపం నా తరఫున పిలుస్తోంది. సిగ్గుతో చచ్చిపోయి, వెళ్ళి ఆవిడ చేతులు పట్టుకున్నాను. ఇప్పుడు పిలిచే పని ఆవిడది, కొలతలు తీసే పని నాది. కొట్టు మూయను.

బస్సు దిగగానే ఆవిడ నీకెదురొచ్చి “పో, పో” అని కేకలేస్తుంది. దెబ్బలాడకు. నీకోసం పొద్దున్నే పొయ్యి వెలిగిస్తానంది.

నీ పిచిక

తా.క. మామయ్యని కూడా తీసుకురా. రమ్మంటే పోతారు, పొమ్మంటే ఉంటారు అన్నావుగా. ఆయనది ఈ ఊరేనేమో, ఓసారి అడుగు.