మందిరంలో మొదటి పాఠం

దమ్మపేట,
జూలై 1986

సుగుణక్కకు, ప్రభువు తోడుండాలని కోరుతూ చెల్లెలు రాస్తున్నది.

అక్కా, నా సంతోషం పట్టలేక వెంటనే రాస్తున్నాను. నిన్న మందిరంలో ఆడపిల్లలకు నెలసరి గురించి, పెళ్లి గురించి, బిడ్డ ఎలా కలుగుతుందో చెప్పాను. ఈ దేహం దేవుడు చేసింది, సిగ్గుపడొద్దు, ఎవరి బలవంతానికీ లొంగొద్దు అన్నాను.

సంఘపెద్ద ఏసురత్నంగారు లేచి, "దేవుని మందిరంల గివేం మాటలమ్మా?" అని ఆపబోయారు.

ఆయన భార్య కరుణమ్మగారు చాప మీంచి లేచారు. "నాకు గిట్ల చెప్పేటోళ్లు లేక, మొదటిసారి నెత్తురు చూసి సచ్చిపోతున్ననుకున్న. పిల్లలను విననియ్యుండ్రి."

ఆయన కూర్చుండిపోయారు. సాయంత్రం మా ఇంటికి వచ్చి, "మగపిల్లలకు ఎవరు చెప్తరమ్మా?" అని మెల్లగా అడిగారు.

దవాఖానాలో పనిచేసే మా బావ చెప్తాడన్నాను. వచ్చే ఆదివారం బావను తప్పకుండా పంపించు. తానూ వచ్చి వింటానని ఏసురత్నంగారు అన్నారు.

నీ చెల్లెలు