డీజిల్ బండిలో నిద్ర

తమక,
ఆదివారం.

నమ్రత వాళ్ళ నాన్నగారికి,

వత్సల రాస్తున్నది. బస్సెక్కితే గంటన్నరలో ఊరిగాం ఇంట్లో ఉంటాను, అలాంటిది ఉత్తరమేమిటని నవ్వుకుంటారు. నవ్వండి. ఫోనులో మీతో ఏం మొదలుపెట్టినా రెండో మాటకే మైలేజీ దగ్గరికి వెళ్ళిపోతారు. ఎదురుగా కూర్చుంటే, ఊళ్ళు తిరగడానికి కొందామని ఏదో ఒక వ్యాను బొమ్మ చూపించి, ఇదిగో మంచం, ఇదిగో పొయ్యి అంటారు. కాగితం మీదైతే నన్ను ఆపేవాళ్ళు ఉండరు.

నమ్రతకు నడుంనొప్పి, చూసుకోవాలని చెప్పి వచ్చాను కదా. దానికి ఏ నొప్పీ లేదు. నేను పడుకోవడానికి వచ్చాను. వీళ్ళింట్లో వెనక గది ఒకటి ఉంది, పొద్దున ఎండ నేరుగా మంచం మీద పడుతుంది. ఆ ఎండ మొహాన పడేదాకా లేవకూడదని నా కోరిక. వచ్చి వారమయింది, ఒక్కరోజూ కుదరలేదు. ఇంకా చీకటి ఉండగానే కళ్ళు తెరుచుకుంటాయి, మీ రైలుకు వంట చెయ్యాలని చేతులు వెతుక్కుంటాయి.

పెళ్ళయినప్పటి నుంచీ నేను మిమ్మల్ని రోజూ బెంగళూరు ఉద్యోగానికి తీసుకెళ్ళే ఆ రైలుకే కదా వంట చేసింది. మీరు రిటైరైన రోజున మీ పెట్టెలో వాళ్ళంతా ఏటా ఆయుధపూజకు రైలును అలంకరించినట్టే చేశారట. మీ కిటికీ సీటుకు పూలదండ వేసి, మైసూరుపాకు పంచి సాగనంపారు. మర్నాడు ఏం జరిగిందో గుర్తుందా? నేను అలవాటుగా లేచి అన్నం డబ్బా కట్టాను, మీరు అలవాటుగా పట్టుకుని వెళ్ళిపోయారు. వైట్‌ఫీల్డు దగ్గర గుర్తొచ్చిందని మధ్యాహ్నం తిరిగొచ్చారు. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ తర్వాత నేను స్నానాలగదిలోకి వెళ్ళి ఏడ్చాను. ఇక కట్టనక్కర్లేని డబ్బాను కూడా కట్టేశానే, నాకు విశ్రాంతి అనేది రాసిపెట్టలేదేమో అనిపించింది.

ఇక అసలు సంగతి. ఇన్ని నెలలుగా మన కాఫీలన్నీ పెట్రోలా, డీజిలా అన్న తగాదాతోనే చల్లారిపోయాయి. డీజిలైతే ఘాట్‌లో లాగుతుంది, దూరం పోయేకొద్దీ కలిసొస్తుంది అంటారు మీరు. చప్పుడుండదు, ఆ వాసనకు నా కడుపులో తిప్పదు, మనలాగా ఎప్పుడో ఒకసారి బయటికి తీసేవాళ్ళకు పెట్రోలే నయం అంటాను నేను. నాకేం తెలుసని? మన అల్లుడు ధ్రువ చెప్పిన నాలుగు ముక్కలు అప్పజెబుతున్నాను. మొన్న హోసకోట దగ్గర పెట్రోలు వ్యాను నడిపి వచ్చి, “అందులో ప్రాణం లేదు వత్సలా, అయినా నీకోసం అదే తీసుకుందాం” అన్నారు. నేను వెంటనే ఏమన్నాను? మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు వేసుకుంటే పెట్రోలు ఇంజను ఎక్కడ లాగుతుంది, అన్నాను. మీరు నా దారికి వస్తే నేను పక్కకు జరిగాను. గమనించలేదా? తగాదా తెగితే బండి కొనాలి. నాకు ఏ బండీ వద్దండీ.

అందులో మంచం మడిచేదెవరు? ఊరుకాని ఊళ్ళో నీళ్ళు పట్టేదెవరు? చక్రాల మీద పెట్టినంత మాత్రాన వంటిల్లు వంటిల్లు కాకుండా పోతుందా? మీరు ఇన్నేళ్ళు తిరిగి తిరిగి వచ్చారు, నేను ఇన్నేళ్ళు కదలకుండా అలిసిపోయాను. అది మీకు వింతగా ఉండొచ్చు. నాకిప్పుడు ఒక్కచోట ఉండి, ఎవరూ ఏ రైలుకూ లేపకుండా నిద్రపోవాలని ఉంది. అంతే.

వారానికి మూడు రోజులు వ్యాన్లు చూడటానికని బెంగళూరు పోతున్నారు. ఇక పోకండి. గాలి మొదలైతే బంగారు గనుల సయనైడు గుట్ట దుమ్ము ఇంట్లోకి వస్తుంది, కిటికీలు మూసుకోండి.

మీ
వత్సల


ఊరిగాం,
గురువారం.

వత్సలా,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. నువ్వు ఇంత అలిసిపోయావని పక్కనే ఉండి నాకు తెలియలేదు. సిగ్గుగా ఉంది.

బండి వద్దు. షోరూములో చెప్పేశాను. పెట్రోలు లేదు, డీజిలు లేదు. ఫోనులో ఉన్న బొమ్మలు కూడా తీసేశాను, నువ్వు వచ్చి చూసుకో. ఇల్లు ఎక్కడికీ పోదు, మనమూ ఇక్కడే ఉందాం.

ఒక్క మాట మాత్రం సరిదిద్దాలి. ఆ రోజు డబ్బా పట్టుకుని వెళ్ళినప్పుడు వైట్‌ఫీల్డు దాకా గుర్తు రాలేదని చెప్పాను. నిజానికి మన స్టేషను మెట్ల దగ్గరే గుర్తొచ్చింది. అయినా ఎక్కాను. ఎందుకని అడగకు, చెప్పడం నాకు రాదు.

నేను బాగానే తింటున్నాను. నిద్ర కూడా బాగానే పడుతోంది. నీకు నిద్ర తీరేదాకా అక్కడే ఉండు.

శ్రీకంఠ


తమక,
శనివారం.

నమ్రత వాళ్ళ నాన్నగారికి,

మీరు బండి వద్దన్నాక నేను సంతోషించాలి. వారం రోజులు సంతోషంగానే ఉన్నాను. ఆ తర్వాత నమ్రతతో కలిసి బంగారుపేటలో ఒక పెళ్ళికి వెళ్ళాను. పంక్తిలో నా ఎదురుగా ఎవరు కూర్చున్నారనుకున్నారు? మీ రైలు స్నేహితుడు శ్రీనివాసమూర్తిగారు. మీరు లేక పెట్టె బోసిపోయి ఉంటుంది కదండీ అని మర్యాదకు అన్నాను.

“ల్యాకపోవడమేందమ్మా! వారానికి మూడు దినాలు వస్తానే ఉండాడు కదా. పాసు ఇంగా తీసుకుంటా ఉండాడు. టేకల్ దాటకముందే కిటికీకి తల ఆనిచ్చి నిద్రపోతాడు. బెంగళూరులో దిగి ఒక కాఫీ తాగి, తిరుగు బండి ఎక్కి మళ్ళా నిద్ర. ‘ఇంట్లో మంచం కదల్దు మూర్తీ, నాకు నిద్ర రాదు’ అంటాడు. పాపం, మేము పేకాట గూడా గొంతు తగ్గించి ఆడతాము” అన్నారాయన. మీరు నాకు చెప్పలేదని తెలిసేసరికి ఆయన మొహం చిన్నబోయింది. నా విస్తట్లో పాయసం అలాగే మిగిలిపోయింది.

ముందు కోపం వచ్చింది. వ్యాన్లు చూడటానికని చెప్పి నిద్రపోవడానికి పోతారా? నేనిక్కడికి నడుంనొప్పి సాకు చెప్పి అందుకే వచ్చానని గుర్తొచ్చి ఆ కోపం నిలవలేదు. మీరు పక్కమీద దొర్లుతుంటే నామీద విసుగనుకునేదాన్ని. నేను మేలుకుని ఉన్నానని తెలిస్తే మీరు లేచి కూర్చుంటారని కళ్ళు మూసుకుని పడుకునేదాన్ని. మీరూ అదే చేశారు కదూ? ఒకే మంచం మీద ఇద్దరం ఒకరి కోసం ఒకరం నిద్ర నటించాం. ఎంత పిచ్చివాళ్ళం!

అప్పుడు ఒక్కొక్కటే అర్థమయింది. ఎండాకాలంలో ఇక్కడి ఎదురింటి ఓబలప్ప తన మామిడికాయల టెంపోలో మనల్ని ఊరిగాంలో దింపాడు. ఆ టెంపో డీజిల్ మోతకు నాకు పేగులు నోట్లోకి వచ్చాయి, మీరు మాత్రం నా భుజం మీద గురకపెట్టారు. ఇంటి ముందు ఆగాక కూడా మిమ్మల్ని లేపబుద్ధి కాలేదు. పెట్రోలు వ్యానులో లేని ప్రాణం, మిమ్మల్ని నిద్రపుచ్చే ఆ మోతే అన్నమాట. ఘాట్ గురించీ, మైలేజీ గురించీ అన్ని మాటలు చెప్పి ఆ ఒక్క మాట మింగేశారు.

కానీ మహానుభావా, ఇంత లెక్క వేసినవారికి ఒకటి తట్టలేదా? రైలు నడిపేవాడు ఎవరో ఉన్నాడు కాబట్టి మీరు నిద్రపోయారు. మన బండి అయితే నడిపేది మీరు! డీజిల్ మోగగానే స్టీరింగుకు తల ఆనించేవారు. ఇది తోచినప్పుడు ఇంటికొచ్చి ఒక్కదాన్నే పకపకా నవ్వాను, ఆ వెంటనే ఒళ్ళు జల్లుమంది. ఆ పూట నమ్రతతో నా మనసులో మాట చెప్పాను. అది నన్ను ఎగాదిగా చూసి, ఇక్కడ కారు నేర్పే సుమ అనే అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళింది.

సుమ కారు పాతది, డీజిల్‌ది. నేను కొంగున నిమ్మకాయ, చేతిలో ప్లాస్టిక్ సంచీ పట్టుకుని ఎక్కాను. “నిమ్మకాయ యాడ పట్టుకుంటావమ్మా? రెండు చేతులూ స్టీరింగు మీద ఉండాల. వాంతి వస్తే చెప్పు, నిలబెట్టుదాము” అంది. రాలేదండీ! ఆ రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. “నడిపేవాళ్ళకు తిప్పదమ్మా, పక్కన కూర్చునేవాళ్ళకే” అని అది నవ్వింది. ఇన్నేళ్ళూ నాకు పడనిది డీజిల్ అనుకున్నాను. పక్కన కూర్చోవడం పడలేదు.

క్లచ్ వదిలేటప్పుడు ఇంకా కారు ఎగురుతుంది. ఒకరోజు ఒక ఆవు అడ్డం వచ్చి నిలబడితే దానికంటే నేనే ఎక్కువ బెదిరాను. కానీ చెరువుకట్ట పక్క ఖాళీ రోడ్డు మీద మూడో గేరు వేసినప్పుడు, ఎటు తిప్పాలో నేనే అనుకుని అటే తిప్పినప్పుడు, నా ఒంట్లో అలసట కాసేపు మాట్లాడకుండా కూర్చుంది. పోయిందని చెప్పను. అది అంత సులువుగా పోయేది కాదు. లైసెన్సు రావడానికి ఇంకా సమయం పడుతుంది, నాకూ తొందర లేదు.

కాబట్టి షోరూముకు మళ్ళీ వెళ్ళండి. డీజిలే చెప్పండి. నడిపేది నేను, వెనక మంచం మీద పడుకునేది మీరు. మంచం ఎవరు పడుకుంటే వాళ్ళే మడుస్తారు. నీళ్ళు మీరు పడతారు. ఎటు పోవాలో నేను చెబుతాను, మధ్యలో లేచి మ్యాపు చూపించకూడదు. డబ్బా కూడా ఇకనుంచి మీరే కట్టాలి. పెరుగన్నంతో మొదలుపెట్టండి, అది చెడగొట్టడం కష్టం.

ఆఖరి మాట, దీనికి మాత్రం ఎదురు చెప్పకండి. పొద్దున్నే బయల్దేరితే రోడ్డు ఖాళీగా ఉంటుందని నన్ను లేపుతారు, నాకు తెలుసు. లేపొద్దు. ఎండ నా మొహం మీద పడి, నాకు నేనుగా మెలకువ వచ్చాకే బండి కదులుతుంది.

మీ డ్రైవరు,
వత్సల