నీలం రంగు దాకా

షేక్‌పేట,
2 నవంబరు 2022

చిరంజీవి హనుమంతుకు వదిన కౌసల్య దీవించి రాసేది.

ఇక్కడ మేమిద్దరం క్షేమమని రాస్తే సగమే నిజమైతది. అందుకని ఆ ముచ్చట తర్వాత చెప్త. నువ్వు, శాంత, పిల్లలు చల్లగుండాలె. మొన్న ఒక పెండ్లిల మీ మేనత్త కొడుకు కలిసి నీ అడ్రసు ఇచ్చిండు. ఫోన్ నెంబరు గూడ ఇచ్చిండు గాని, నా గొంతు వినంగనే పెట్టేస్తవని చెయ్యలే. చిట్టీ అయితే చింపే ముందు ఎవరైనా ఒక్కసారి చదువుతరు.

మీ అన్నకు మతి జారుతున్నదయ్యా. రెండేండ్ల నుంచి. మొదలు తాళంచెవులు మరిచిండు, తర్వాత తొవ్వలు మరిచిండు, ఇప్పుడు పేర్లు. నా పేరు గూడ ఒక్కోసారి దొరకదు. పేరు పోతే పాయె, మనిషిని గుర్తుపడుతున్నడు, అదే పదివేలు అనుకున్న. దవాఖానల డాక్టరమ్మ ఏమన్నదంటే, చేతులకు అలవాటైన పని ఏదన్న పెట్టమన్నది. మతి మరిచినా చేతులు అంత తొందరగ మరువవట. మీ అన్న చేతులకు తెలిసింది ఇంకేమున్నది? బండే.

మన పికప్ బండి ఇంకా ఉన్నదా అని నవ్వుతున్నవేమో. ఉన్నది. పెరట్ల జామచెట్టు కింద, టైర్లు భూమిల దిగి, కోళ్లు లోపల గుడ్లు పెట్టుకుంట ఉన్నది. ఎంతమంది తుక్కుకు అడిగినా ఆయన ఇయ్యలే. ఇంజను సంగతి పక్క గల్లీ జంగయ్య చూస్తనన్నడు. రంగు గీకుడు మాత్రం మా ఇద్దరికి అప్పజెప్పిండు. ఉప్పుకాగితం తెచ్చుకొని దసరా తెల్లారి మొదలుపెట్టినం.

నీకు తెల్వని సంగతి ఒకటుంది. నువ్వు ఇల్లు విడిచి పోయినంక ఆ బండి సినిమాలల్లనే బతికింది. ఫిల్మ్‌నగర్ వాళ్లకు ఎప్పుడు చూసినా తొందరే. పాత రంగు ఎవరు గీకుతరు? దాని మీదనే కొత్తది కొట్టేస్తరు. ఒక సినిమాల పోలీసు బండి, ఇంకో సినిమాల ఆసుపత్రి బండి. అట్ల మన బండికి ఉల్లిగడ్డ లెక్క పొరలు పడ్డయి.

అన్నిటికి పైన ఖాకీ. అది గీకినన్ని రోజులు మీ అన్న పోలీసు సినిమాలనే ఉన్నడు. చీకట్లనే లేచి స్నానం చేసి, షూటింగ్‌కు వేళాయె, ఇంకా చాయ్ పెట్టలేదా అని నన్ను గదమాయించిండు. మతిలేని మనిషి పనికి తయారైతుంటే నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఖాకీ పోయి తెలుపు తేలింది. ఇగ ఖాకీ ముచ్చటే లేదు. బండిల పేషెంటు పండుకున్నడు, మెల్లగ మాట్లాడు అన్నడు. ఆ వారమంత ఇద్దరం గుసగుసగనే మాట్లాడుకున్నం. నేనూ అట్లనే నడిచిన, చప్పుడు కాకుండ. పిచ్చిదాన్ననుకో, ఏమన్న అనుకో, నాకది మంచిగనిపించింది.

పొద్దుగూకినంక ఇద్దరం ముందు సీట్ల కూసుంటం. ఆయన స్టీరింగ్ పట్టుకుంటడు. బండి కదలదు, ఆయన మాత్రం తోలుతనే ఉంటడు. ఎదురుంగ మొన్న కట్టిన ఫ్లైఓవర్ మీద కార్ల లైట్లు పోతుంటయి. ఆయన కండ్లకు అవి ఆనవు. జూబ్లీహిల్స్ గుట్టల మీద బంగ్లాలు లేవంటడు, అన్నీ బండరాళ్లు, సీతాఫలం చెట్లే అంటడు. జర కిందికి వంగు, కొమ్మ తాకుతది అంటడు. నేను వంగుత. ఒకనాడు నిజంగనే నెత్తికి ఆకు తగిలినట్టయింది హనుమంతూ. జామాకే కావచ్చు.

తెలుపు కింద ఎరుపున్నదని నాకు తెలుసు. అది తేలిన నాడు ఉప్పుకాగితం కింద పెట్టేసిన.

ఆ ఎరుపు నీకూ యాదుంటది. మొదటి సినిమా. వాళ్లకు ఎర్ర బండి కావాలెనంటే, నువ్వు ఊర్ల లేని దినం చూసి మీ అన్న రంగు కొట్టిచ్చిండు. మీరిద్దరు కలిసి, మీ చేతులతోటి కొట్టుకున్న నీలం మీద కొట్టిచ్చిండు. నువ్వొచ్చి చూసి, తలుపు మీద చెయ్యి పెట్టినవు. రంగు ఇంకా ఆరలే. ఆ చెయ్యి తీసి నా దిక్కు చూపించి, పెండ్లాం వచ్చినంక అన్నకు తమ్ముని మాట చేదైందన్నవు. నన్ను చూడవచ్చిన నాడు పిల్ల బాగున్నదని మొదలు చెప్పింది నువ్వేనట, ఆ మాటన్న నాలుకను కోసుకోవాలె అన్నవు. రంగు సంగతి నాకెవ్వరు చెప్పలే, నన్నెవ్వరు అడగలే. అయినా ఆ మాట నేనే పడ్డ. నువ్వు పోయినవు. ముప్పై ఏండ్లు దాటింది.

తెలుపు గీకంగనే ఎర్ర తలుపు మీద నీ అయిదు వేళ్ల అచ్చు తేలింది. మీ అన్న దాని మీద తన చెయ్యి పెట్టి చూసుకున్నడు. అప్పటి నుంచి ఆయనకు ప్రతి పొద్దూ అదే పొద్దు. లేవంగనే గల్లీల నిలవడుతడు. తమ్ముడు ఇప్పుడే మలుపు తిరిగిండు, జర పిలువు కౌసల్యా అంటడు. నేను పోయి మలుపు దాక చూసొచ్చి, కనబడలేదని చెప్పాలె. అడగకుండ రంగు కొట్టిచ్చిన్నే అని ఏడుస్తడు. సాయంత్రానికి మరుస్తడు. తెల్లారితే మళ్ల అదే దుఃఖం, కొత్తగ. ఒక మనిషి ఒక్క బాధను రోజూ మొదటిసారి పడుడు చూడలేవయ్యా.

ఎరుపు కింద నీలం. నీలంల కొట్లాట లేదు. మీరిద్దరు గుట్టల మీద సీతాఫలాలు ఏరి మొజంజాహి మార్కెట్‌కు తోలిన ఏండ్లవి. నేను మొయినాబాద్ నుంచి పెండ్లిబిడ్డగ ఈ ఇంటికొచ్చింది గూడ నీలం బండిలనే. మీ ఇద్దరి నడిమిట్ల కూసున్న. కొంగు గేరుకు తట్టుకుంటదని నువ్వే పక్కకు సర్దినవు. కాని నేను రాక ముందు గూడ అది నీలమే. ఎరుపు గీకితే ఆయన ఆ నీలంల ఏ కొసకు పోతడో ఎవరు చెప్తరు? నేనున్న కొసకు పోతే నా అదృష్టం. నేను లేని కొసకు పోతే నన్ను గుర్తుపట్టేటోడు ఈ లోకంల ఇంకొకడు లేడు. మాకు పిల్లలా జెల్లలా. ఇదంత రంగు మహిమ కాదు, రోగం అట్లనే ఉంటదని డాక్టరమ్మ అంటది. ఆమె చదువు ఆమెది, నా భయం నాది.

అందుకే ఎరుపు దగ్గర ఆపేసిన. నువ్వొచ్చి ఒక్కసారి మలుపు దగ్గర కనబడితే చాలు. నా మీద కోపం కోపమే పెట్టుకో, దానికి నాకు ఫికర్ లేదు. అన్నకైతే కనబడు.

శాంతకు, పిల్లలకు నా దీవెనలు. ఏమన్న ఎక్కువ రాస్తే మన్నించు.

ఇట్లు
నీ వదిన
కౌసల్య

తాజాకలం: ఎరుపు దగ్గర ఆపిన్నని పైన రాసింది నిజం కాదు. పోయిన ఆదివారమే గీకినం. నీ చెయ్యి అచ్చు ఆఖరికి నేనే నా చేత్తో గీకిన. నా మీద జాలిపడి కాకుండ, అన్న కోసం రావాలెనని ముందు చెప్పలే.

ఆ దినం ఆయన పసిపిల్లగాని లెక్క నిద్రపోయిండు. పొద్దున లేచి వంటింట్ల నన్ను చూసి, పెద్దమ్మా, మా తమ్ముడు లేచిండా అని అడిగిండు. నీళ్లు పోసుకుంటున్నడని చెప్పిన. అప్పటి నుంచి ఏడుపు లేదు, గల్లీల నిలవడుడు లేదు. బండి తుడుచుకుంట ఈల వేస్తున్నడు. నా చేతి చాయ్ బాగుంటదని రోజూ చెప్తున్నడు. నిన్న సీట్ల పక్కన కూసోబెట్టుకొని, పెద్దమ్మా నీకొక్కదానికే చెప్తున్న అని, మొయినాబాద్ దిక్కు ఒక పిల్లను చూడబోతున్నమన్నడు. తమ్ముడు రావాలె, వాడు బాగున్నదంటేనే చేసుకుంట అన్నడు.

జంగయ్య ఇంజను తయారు చేసిండు. నువ్వు రాంగనే మీరిద్దరు ఆ దిక్కు ఒకసారి తోలుకపోయి రండి. ఆయన ముందట నన్ను వదినా అని పిలువకు, పరేషానైతడు. పిల్ల ఎట్లున్నదిరా అని అడుగుతడు. బాగున్నదని చెప్పు.